రాయలసీమలో మహిళల క్రికెట్

భారత మహిళల జట్టు తొలి టెస్టు మ్యాచ్ ఆడింది 1976 అక్టోబరు 31న, బెంగళూరులో, వెస్టిండీస్ మీద. అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు అది. అంత దగ్గర్లో మొదలైన ఆటలో రాయలసీమ పేరు గట్టిగా వినబడటానికి మాత్రం నాలుగు దశాబ్దాలు దాటింది. 2022 డిసెంబరులో ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి, 2023 జులైలో అనంతపురం జిల్లాకు చెందిన బారెడ్డి అనూష, 2025 ఏప్రిల్‌లో కడప జిల్లాకు చెందిన నల్లపురెడ్డి శ్రీచరణి భారత జట్టులోకి వచ్చారు. ఆ ఏడాది నవంబరు 2న భారత్ తొలిసారి మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచిన రాత్రి శ్రీచరణి మైదానంలోనే ఉంది. ఆలస్యమంతా ఒక ఎత్తు, చివరి మూడేళ్లు ఒక ఎత్తు.

ఆడవాళ్ల ఆటను ఎవరు ఆపారన్న ప్రశ్నకు ఇంగ్లండులో తేదీతో సహా జవాబుంది. ప్రెస్టన్ పట్టణంలోని ఫ్యాక్టరీ కార్మికురాళ్ల ఫుట్‌బాల్ జట్టు డిక్ కెర్ లేడీస్ 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ఆడితే 53,000 మంది చూడవచ్చారు. లోపల చోటు చాలక వేలమంది గేటు బయటే ఆగిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకు తగదని తీర్మానించి, తన సభ్య క్లబ్బులేవీ వాళ్లకు మైదానాలు ఇవ్వకూడదని ఆదేశించింది. ఆ ఆంక్ష సుమారు యాభై ఏళ్లు నడిచింది. 2022 జులై 31న వెంబ్లీలో ఇంగ్లండు మహిళలు జర్మనీని 2-1తో ఓడించి ఐరోపా ఛాంపియన్లయినప్పుడు స్టేడియంలో 87,192 మంది ఉన్నారు. జనం ఎప్పుడూ ఉన్నారు, అడ్డుపడింది తీర్మానమేనని ఈ రెండు అంకెలే చెబుతాయి.

సీమలో అటువంటి తీర్మానం ఎవరూ చేయలేదు, చేయాల్సిన అవసరమే రాలేదు. గేటు మూయాలంటే ముందు మైదానమంటూ ఉండాలి కదా. అందుకే ఈ చరిత్ర రాసేవాళ్లకు చేతికి కాగితం దొరకదు. నిషేధానికి తేదీ ఉంటుంది, లేమికి ఉండదు.

సీమలోని కోయిలకుంట్ల వైపు నేలనే చూడండి. శనగకు, జొన్నకు, పత్తికి పేరుపడ్డ నల్లరేగడి. వానొస్తే అడుగు తీసి అడుగు వేయనివ్వదు, ఎండాకాలం వస్తే నెర్రెలిస్తుంది. ఇలాంటి నేల మీద క్రికెట్ పిచ్ ఊరికే తయారవదు. మట్టి తెచ్చి పోయాలి, నీళ్లు పెట్టాలి, రోలరు తిప్పాలి, కాపాడేందుకు మనిషి ఉండాలి. తాగునీటికే కరువొచ్చే చోట పిచ్చుకు నీళ్లెవరు పెడతారు? మగపిల్లలకు ఈ బాధ అంతగా లేదు. బీడులోనో కాలేజీ మైదానంలోనో టెన్నిస్ బంతితో ఆడుకుంటారు, వేసవిలో పక్క ఊరితో పందెం కట్టి టోర్నమెంట్ పెట్టుకుంటారు. ఆడపిల్లలకు ఆటంటే బడి కాంపౌండు లోపలి ఆటే. డ్రిల్లు సారు నేర్పే ఖోఖో, కబడ్డీ, వాలీబాల్. వీటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. క్రికెట్‌కు తోలు బంతి, బ్యాటు, ప్యాడ్లు కావాలి. పదో తరగతి దాటితే ఇంట్లో మాట వేరు: ఎండలో నల్లబడితే సంబంధాలు రావు, ఒంటరిగా క్యాంపులకు ఎట్ల పంపేది? పంపాలన్నా ఆడపిల్లలకు హాస్టలున్న క్యాంపు జిల్లాలో ఉండాలి.

దేశం మొత్తంలోనూ మొదట్లో పరిస్థితి ఇంతకన్నా మరీ గొప్పగా ఏం లేదు. 1973లో లక్నోలో మహిళా క్రికెట్ సంఘం రిజిస్టరయింది. అదే ఏడాది పుణెలో జరిగిన మొదటి జాతీయ పోటీలకు వచ్చినవి మూడంటే మూడు జట్లు. ఐదేళ్లకే, 1978లో, భారత్ మహిళల ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చింది. నాలుగు జట్ల ఆ పోటీలో విజేతను తేల్చిన ఆస్ట్రేలియా–ఇంగ్లండు మ్యాచ్ జనవరి 13న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలోనే జరిగింది. ఆస్ట్రేలియా గెలిచింది. తెలుగు నేల మీద ప్రపంచకప్ తేలిందన్న సంగతి ఇవాళ ఎంతమందికి గుర్తుందో చెప్పలేం. హైదరాబాదు, సికింద్రాబాదులు మాత్రం ఆ ఆటను వదల్లేదు. పూర్ణిమారావు అక్కడి నుంచే వచ్చి భారత జట్టుకు నాయకత్వం వహించింది. తర్వాత మిథాలీరాజ్. 1999లో మిల్టన్ కీన్స్‌లో ఐర్లాండ్ మీద ఆడిన తొలి వన్డేలోనే 114 నాటౌట్, 2002లో టాంటన్ టెస్టులో ఇంగ్లండు మీద 214, వన్డేల్లో మొత్తం 7,805 పరుగులు. అంతటి ఆటగత్తె కూడా 2005 ప్రపంచకప్‌లో జట్టును ఫైనల్ దాకా నడిపినప్పుడు తమకు దక్కింది మ్యాచ్‌కు వెయ్యి రూపాయలేనని తర్వాతెప్పుడో చెప్పింది.

రైల్వే ఉద్యోగం ఒక్కటే అప్పట్లో ఈ ఆటకు తిండి పెట్టింది. ఆటగత్తెలకు కొలువులిచ్చిన రైల్వేస్ జట్టు దేశవాళీ పోటీలను ఏళ్ల తరబడి ఏలింది. హైదరాబాదు పిల్లకు నెట్స్ ఉన్నాయి, కంటోన్మెంటు మైదానాలున్నాయి, రైల్వే కొలువు ఆశ ఉంది. గుంతకల్లు అంత పెద్ద రైల్వే జంక్షను సీమలోనే ఉన్నా ఇక్కడి ఆడపిల్లకు ఆ దారి తెరుచుకోలేదు. కొలువు దాకా చేరాలంటే ముందు ఆట నేర్పేవాళ్లు ఉండాలి.

2006లో మహిళల క్రికెట్ బీసీసీఐ గొడుగు కిందికి వచ్చింది. నిజమైన మలుపు ఇక్కడే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రపంచకప్పులు, కోట్ల వేలంపాటలు అన్నీ దీని వెనక వచ్చినవే. ఆడపిల్లల జట్లను నడిపే బాధ్యత రాష్ట్ర సంఘాల మీద పడింది, జిల్లా జట్లు, వయసువారీ పోటీలు ఏర్పడ్డాయి. ఆంధ్ర క్రికెట్ సంఘం గుంటూరులో అమ్మాయిలకు అకాడమీ పెట్టింది. ఫలితం మొదట కోస్తాలో కనబడింది. విజయవాడ వికెట్‌కీపర్ రావి కల్పన, బ్యాటర్ సబ్బినేని మేఘన, విశాఖ బ్యాటర్ స్నేహదీప్తి భారత జట్టుకు ఆడారు. కల్పన ఒక ఆటో డ్రైవరు కూతురు. 2025 అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ పేరు, మరోచోట కల్పన పేరు పెట్టారు. ఏడు వన్డేలాడిన అమ్మాయికి స్టేడియంలో పేరు దక్కడం మగవాళ్ల క్రికెట్‌లో ఊహించలేం. ఈ ఆటలో అది న్యాయమే.

సీమలో తొలి అండ ప్రభుత్వం నుంచి రాలేదు. 1969లో విసెంటే ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అందరూ ఆర్డీటీ అనే సంస్థ, కరువు పనులు, ఆసుపత్రులు, బడులతో పాటు క్రీడా గ్రామాన్ని కూడా కట్టింది. పచ్చటి మైదానాలు, హాస్టలు, తిండి, శిక్షకులు, ఆడపిల్లలకూ చోటు. నార్పల దగ్గరి బండ్లపల్లె నుంచి వచ్చిన అనూషకు ఆట నేర్పింది ఈ మైదానమే. ఎడమచేతి స్పిన్నరైన ఆమె 2023 జులై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద తొలి టీ20 ఆడింది. ఆ ఏడాదే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉంది.

ఆదోని కథ అనూష తొలి మ్యాచ్‌కు ఏడు నెలల ముందుది. పత్తి మార్కెట్‌కు పేరున్న ఆ పట్టణం నుంచి వచ్చిన అంజలి శర్వాణి ఎడమచేతి పేసర్. 2022 డిసెంబరు 9న నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద తొలి మ్యాచ్ ఆడింది. రెండు రోజుల తర్వాత అదే మైదానంలో రెండో మ్యాచ్ సూపర్ ఓవర్ దాకా వెళ్లి భారత్ గెలిస్తే, చూడటానికి 47,000 మంది వచ్చారు. 2023 ఫిబ్రవరిలో తొలి మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో యూపీ వారియర్స్ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. ఆటతో ఏం వస్తుందని అడిగే బంధువులకు ఆ అంకె ఒక జవాబు. అంతకు ముందు అక్టోబరులోనే బీసీసీఐ మగవాళ్లకు, ఆడవాళ్లకు మ్యాచ్ ఫీజు ఒకటే చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. వార్షిక కాంట్రాక్టుల్లో తేడా మాత్రం అలాగే మిగిలింది.

శ్రీచరణిది కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలోని ఎర్రమల్లె. 2004 ఆగస్టు 4న పుట్టింది. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. చిన్నప్పుడు అథ్లెటిక్స్, ఇతర ఆటలు ఆడి, క్రికెట్‌కు కాస్త ఆలస్యంగానే వచ్చింది. 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు కొనుక్కునేదాకా కడప బయట ఆమె పేరు పెద్దగా తెలియదు. ఆ తర్వాత అంతా పరుగే. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో తొలి వన్డే, జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి టీ20. ఆ మొదటి టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు. ఐదు మ్యాచ్‌ల్లో 10 వికెట్లతో ఇంగ్లండు గడ్డ మీద సిరీస్ ఉత్తమ క్రీడాకారిణి అయింది, భారత్ 3-2తో సిరీస్ గెలిచింది.

ప్రపంచకప్‌లో ఆమె బౌలింగ్‌కు అసలు విలువ తెలిసింది పరుగులు వరదలైన మ్యాచ్‌ల్లోనే. అక్టోబరు 12న విశాఖలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి గెలిచింది. అందరి బంతులూ బౌండరీ దాటుతున్న ఆ రోజు శ్రీచరణి 10 ఓవర్లలో 41 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది, 142 కొట్టిన అలిస్సా హీలీ వికెట్ కూడా వాటిలో ఉంది. సెమీఫైనల్లో అదే ఆస్ట్రేలియా 338 కొట్టినప్పుడు ఆమె లెక్క 49కి 2. ఫైనల్లో దక్షిణాఫ్రికా బ్యాటర్ అనెకె బోష్‌ను సున్నాకే ఎల్బీగా పంపింది. భారత్ 52 పరుగులతో గెలిచింది. టోర్నీలో ఆమెకు 14 వికెట్లు, దీప్తి శర్మ తర్వాత భారత బౌలర్లలో అవే ఎక్కువ. ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది: జట్టు ఓడిన రోజు, బౌలర్లంతా దెబ్బతిన్న రోజు నిలబడటం ఆమె ప్రత్యేకత. శతకాలే శీర్షికలయ్యే ఆటలో అది కంటికి ఆనదు.

కప్పు గెలిచిన వారంలోపే రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలు, కడపలో వెయ్యి గజాల ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. నవంబరు చివర్లో జరిగిన వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఈసారి కోటీ 30 లక్షలు పెట్టి ఆమెను మళ్లీ దక్కించుకుంది. గెలిచాక సన్మానం చేయడంలో మన ప్రభుత్వాలు ఎప్పుడూ వెనకబడలేదు. పదమూడేళ్ల పిల్లకు హాస్టలూ మైదానమూ ఇవ్వడంలో ఆ వేగం కనబడదు.

చివరగా చిత్రమైన సంగతి. సీమ నుంచి వచ్చిన ఈ ముగ్గురూ బౌలర్లే, ముగ్గురిదీ ఎడమచెయ్యే. అన్నం తినేటప్పుడు పుర్రచెయ్యి వాడితే మందలించే ఇళ్ల నుంచి ఇది రావడం వింతగానే ఉంటుంది గానీ, కాకతాళీయమని కొట్టిపారేయలేం. కోస్తా నుంచి వచ్చినవాళ్లను చూడండి: ఒక వికెట్‌కీపరు, ఇద్దరు బ్యాటర్లు. బ్యాటింగ్ నేర్చుకోవాలంటే మంచి పిచ్ కావాలి, నెట్స్ కావాలి, గంటల తరబడి బంతులేసేవాళ్లు కావాలి, కిట్టు కావాలి. బౌలర్‌కు ఒక బంతి, నాలుగు అడుగుల చదునైన నేల ఉంటే చాలు, మిగతాది ఓపిక. ఎంపిక శిబిరంలో వందమంది కుడిచేతివాళ్ల మధ్య ఎడమచేతి బౌలర్ సెలెక్టర్ కంట్లో తొందరగా పడుతుంది. సౌకర్యాల కొరతే సీమ అమ్మాయిల ఆట ఎటువంటిదో కొంతవరకు తేల్చిందని ఈ ముగ్గురిని బట్టి అనుకోవచ్చు. రాయలసీమ నుంచి భారత జట్టుకు స్థిరపడిన బ్యాటర్ వచ్చిన రోజున ఇక్కడ మైదానాలు వచ్చాయని నమ్మవచ్చు. కడపలో స్టేడియం ఉంది, రంజీ మ్యాచ్‌లు జరుగుతాయి. అంతర్జాతీయ మ్యాచ్ మాత్రం, మగవాళ్లదీ ఆడవాళ్లదీ, అక్కడ ఇంకా ఒక్కటీ జరగలేదు.