బస్తరు కొలిమియు, రంగుల రసాయనమును

బస్తరు అనగానే ఓరుగంటి కాకతీయుల శాఖయు, దంతేశ్వరీదేవి గుడియు, దసరా ఉత్సవములును మన తెలుగువారికి స్ఫురించును గాని, ఆ యడవులలో ఆదివాసి లోహారులు తరతరములుగ నడపిన ఇనుపకొలుములు ఎవరి స్మృతికిని రావు. మట్టికొలిమిలో రాతియినుమును, కఱ్ఱబొగ్గును పొరలుపొరలుగ బోసి, తోలుతిత్తులను కాళ్లతో ద్రొక్కుచు వారు గాలి నూదుచుండిరి. బొగ్గునుండి పుట్టిన వాయువు ఖనిజములోని ఆమ్లజనిని లాగికొనగా, చిట్టెము కరగి పారి, గుల్లగానున్న యినుపముద్ద యడుగున మిగులుచుండెను. దానిని మరల కాల్చి సమ్మెటతో మోదిన గాని నాగటికఱ్ఱు కాదు, బాణపుములికి కాదు.

ఆమ్లజనిని గోల్పోయిన యినుము దానిని తిరిగి చేర్చుకొనుటకే యెల్లప్పుడును తహతహలాడును. తుప్పు అనగా నిదియే. కమ్మరికి శత్రువైన యీ గుణమునే సేంద్రియ రసాయనవేత్తలు సాధనముగ జేసికొనిరి. 1854లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ బెషాం ఇనుపరజనును, ఎసిటికామ్లమును నైట్రోబెంజీనుతో గలిపి, అందలి ఆమ్లజనికి బదులు ఉదజనిని జేర్చి, అనిలీనును బడసెను. 1856లో లండనులో పదునెనిమిదేండ్ల పెర్కిను అను యువకుడు అనిలీనునుండి ఊదారంగును గనిపెట్టగా, బెషాం పద్ధతి ప్రయోగశాలను విడిచి కర్మాగారముల కెక్కెను. ఇందులో వ్యయమైన యినుము మరల ఆక్సైడై నల్లని బురదగ మిగులుచుండెను. 1925 ప్రాంతమున జర్మనీలో లాక్సు అను రసాయనవేత్త దానినే రంగుపొడిగ మార్చు ఉపాయమును గనుగొనెను.

బస్తరులో రాతిని గరగించినవానిని ఆటవికుడనియు, గాజుబుడ్డిలో దానికి విలోమక్రియను నడపినవానిని శాస్త్రజ్ఞుడనియు బిలుచుట నాకు న్యాయముగ దోపదు. మొదటివాడు గ్రంథము వ్రాయలేదు, అంతియే.

చవుకయైన విలాయతి యినుము సంతలకు వచ్చుటయు, అడవులపై ఆంక్షలు బిగియుటయు – ఈ యాంక్షలే 1910నాటి భూమ్‌కాల్ తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణము – కొలుములను క్రమముగ జల్లార్చినవి. అటుపిమ్మట బస్తరులోని బైలదిల కొండలపైకి పెద్దయంత్రములు వచ్చెను. అచటి ఇనుపఖనిజమునకై 1960లో జపానుతో ఒడంబడిక కుదిరినది. 1968లో త్రవ్వకము మొదలైనది. కిరండూలునుండి కొత్తవలసకు వేసిన రైలుదారిని ఖనిజము విశాఖపట్టణపు రేవు జేరి ఓడల కెక్కినది. కరగించు పని మాత్రము సముద్రమున కావల.

బస్తరులో తగరపు ఖనిజమును గలదు. దంతెవాడ, సుక్మా ప్రాంతములలో ఆదివాసులు ఏటిగట్ల మట్టిని గడిగి ఆ నల్లని బరువైన గింజలను ఏరి అమ్ముదురు. తగరమును హైడ్రోక్లోరికామ్లముతో గలిపినచో, బెషాం ఇనుమువలెనే, నైట్రోబెంజీనును అనిలీనుగ మార్చును. కళాశాల పాఠ్యపుస్తకములలో నీ పద్ధతియే ముందు గనబడును. తగరము వెల హెచ్చు గనుక కర్మాగారములవారు మాత్రము చాలకాలము ఇనుపరజనునే పట్టుకొని యుండిరి.