దూరపు స్టేషను పట్టిన కాలము

కాజీపేట నుండి సికిందరాబాదునకు పోవు రైలుమార్గముపై జనగామకు చేరువనున్న రఘునాథపల్లి, చెవితో చరిత్రను నిలుపుకొనిన సీమలోనిది. ఆ మండలమునకు చెందిన ఖిలాషాపురమున కోట కట్టి, 1708లో ఓరుగల్లుపై విరుచుకుపడిన సర్వాయి పాపన్న వృత్తాంతము, గ్రంథములకెక్కుటకు పూర్వమే కథకుల నోటను, శ్రోతల చెవులను ఆశ్రయించి తరతరములు జీవించినది. అట్టి సీమకు రేడియో తెచ్చిన కొత్తదనమేమన, దూరదేశములలోని పెక్కు గొంతుకలనుండి తనకు వలసినదానిని శ్రోత స్వయముగా ఎన్నుకొనగలుగుటయే. షార్టువేవు శ్రవణమును నేడు తీరిక గలవారి వినోదముగా భావించుట పరిపాటి యైనను, తెలుగునాట దాని పుట్టుక అవసరమునుండియే జరిగినది. చేరువ రేడియో దేనిని పలుకకుండెనో, దానికొఱకే జనులు దూరపు రేడియోను వెదకిరి.

నిజాము రాష్ట్రమున డెక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న ప్రభుత్వపక్షమున ప్రసారములకు ఉపక్రమించినప్పుడు దాని శక్తి 200 వాట్లు మాత్రమే. అనగా రెండు పెద్ద విద్యుద్దీపములు మ్రింగునంత. ఆ కేంద్రమున తెలుగు, మరాఠీ, కన్నడములకు కొంత చోటున్నను ప్రాధాన్యము ఉర్దూకే చెల్లినది. మద్రాసు కేంద్రము 1938లో వెలసినది; విజయవాడ కేంద్రమునకై 1948 డిసెంబరు 1 వఱకు వేచియుండవలసి వచ్చెను. తెలంగాణ రైతుపోరాటమున దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండియు ఈ జనగామ ప్రాంతములోనిదే యగుటచే, 1946 మొదలుకొని 1948 వఱకు ఇచటివారికి వార్త యనునది ప్రాణసంకటముతో ముడివడిన విషయము. హైదరాబాదుపై భారత ప్రభుత్వము జరిపిన పోలీసు చర్య ముగియుచుండగా, 1948 సెప్టెంబరు 17న నిజాము తన లొంగుబాటును ప్రకటించినదియు రేడియో ముఖమునకే. 1950 ఏప్రిల్ 1న డెక్కన్ రేడియో భారత ప్రభుత్వ వశమైనది. ఢిల్లీ నుండి తెలుగు వార్తలు చదివిన పన్యాల రంగనాథరావు, కందుకూరి సూర్యనారాయణ, పిదప చలనచిత్రనటుడై ప్రసిద్ధికెక్కిన కొంగర జగ్గయ్య ప్రభృతుల కంఠములు, ముఖమెఱుగని బంధువుల కంఠములై ఇంటింట పరిచితములయ్యెను.

దూరపు కంఠము పల్లెకు చేరుటకు కారణము ఆకసమందే కలదు. భూమికి పదుల కిలోమీటర్ల మొదలు వందల కిలోమీటర్ల ఎత్తువఱకు వ్యాపించిన అయనావరణము, హ్రస్వతరంగములను, అనగా షార్టువేవును, తిరిగి నేలవైపు వంచుటచే అవి సముద్రములను దాటి పోగలవు. ఈ పొరల ఉనికిని ఆపిల్టన్ అను శాస్త్రజ్ఞుడు 1920లలో ప్రయోగపూర్వకముగా నిరూపించి, 1947లో నోబెల్ బహుమానము నందెను. మన వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు ఈ శాస్త్రమునకు ఒక పరిశోధనశాలనే నెలకొల్పెను. ఈ వంపువలన ఒక విచిత్రము సంభవించును: ప్రసారకేంద్రమునకు మిక్కిలి దాపున నున్నవానికిని, వేయి మైళ్ల కావలివానికిని మాట వినబడుచుండగా, నడుమనున్న వలయములోనివానికి నిశ్శబ్దమే దక్కును. పగలు 19 మీటర్ల, 16 మీటర్ల తరంగదైర్ఘ్యపు పట్టీలు పలుకును. ప్రొద్దు గ్రుంకిన పిదప 41, 49, 60 మీటర్లవి మేలుకొనును. ఏ గడియకు ఏ పట్టీ తెఱచుకొనునో, చదువు లేని శ్రోతయు అనుభవముచే ఎఱిగియుండెను.

పరికరములు స్వల్పములు. విద్యుత్తు రాని యూళ్లలో తొలినాటి వాల్వు సెట్లు 90 వోల్టుల పొడి బ్యాటరీపై నడచెను. ఇంటికప్పునుండి చెట్టుకొమ్మకు లాగిన రాగితీగయే ఏరియలు. సెట్టు కొనినవాడు తపాలాఫీసున లైసెన్సు పుస్తకము పొంది, ఏటేట రుసుము చెల్లింపవలసియుండెను. చిరకాలము అది 15 రూపాయలు. 1980ల నడుమ ఆ బాధ తొలగినది. అంతకుముందే ట్రాన్సిస్టరు వచ్చి, రేడియోను గోడబల్లనుండి దింపి, పొలముగట్టునకును పశువులకాపరి భుజమునకును చేర్చియుండెను.

ఈ చరిత్రలో మిక్కిలి రసవంతమైన ఘట్టము సిలోనుది. యుద్ధకాలమున మిత్రసేనల సైనికులకై కొలంబోలో నెలకొల్పిన ప్రసారయంత్రము యుద్ధానంతరము రేడియో సిలోను పరమైనది. 1952లో కేంద్ర సమాచారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్, సినిమా పాటలు అభిరుచిని చెఱచునని తలంచి వాటిని ఆకాశవాణినుండి దాదాపు వెలివేయగా, శ్రోతలు వాదమునకు దిగలేదు, ముల్లు త్రిప్పిరి. ఆ యేడే అమీన్ సయానీ చిత్రగీత కార్యక్రమమగు బినాకా గీత్‌మాలా కొలంబోనుండి ప్రారంభమయ్యెను. తెలుగు శ్రోతలకు మీనాక్షి పొన్నుదొరై కంఠమును, ఆమె వినిపించిన మన చిత్రగీతములును నిత్యకృత్యములయ్యెను. మద్రాసులో రికార్డైన పాట సింహళమునకు పోయి, ఆకసమునుండి తెలంగాణ పల్లెకు తిరిగివచ్చుట ఎంత చుట్టుదారి! చివరకు ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న చిత్రగీతములు వినిపించు వివిధభారతిని ప్రారంభించెను. ఆ ప్రత్యుత్తరమును సైతము మొదట బొంబాయి, మద్రాసుల షార్టువేవు యంత్రములనుండియే వినిపింపవలసి వచ్చెను.

పాటకై మొదలైన వెదకులాట కొందఱిని మఱియు దూరము గొనిపోయెను. మాస్కో రేడియో తెలుగున మాటలాడినది. ఫిలిప్పీనులనుండి రేడియో వెరిటాసు, సీషెల్సు దీవులనుండి ఫెబా తెలుగు ప్రసారములు చేసెను. హైదరాబాదు ఆకాశవాణియు 4800 కిలోహెర్ట్జులపై హ్రస్వతరంగమున పలికినది. విన్న తేది, కాలము, పౌనఃపున్యము, శబ్దస్పష్టత, గరగరల తీరు వివరముగా వ్రాసి పంపినవారికి ఆ కేంద్రములు విన్నట్లు ధ్రువపఱచు క్యూ.ఎస్.ఎల్. కార్డులను పంపుచుండెను. కాలమును గ్రీనిచ్ లెక్కలో వ్రాయవలెను గనుక మన గడియారమునుండి అయిదున్నర గంటలు తీసివేయుట ప్రథమపాఠము. విషయమేమైనను సరే, అంత దూరమునుండి పట్టగలిగితినన్న తృప్తియే పరమార్థమైనప్పుడు, అవసరము అభిరుచిగా పరిణమించినది. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలసి, వినుటతో తృప్తిచెందక మాఱుపలుకనెంచిన వారికిని త్రోవ చూపెను.

దూరదర్శనము, ఎఫ్.ఎం. కేంద్రములు, చేతిఫోనులు చేరువకు రాగా దూరపు గొంతుకలు ఒక్కొక్కటిగా సన్నగిల్లెను. వెరిటాసు 2018లో హ్రస్వతరంగములకు స్వస్తి చెప్పినది. చేరువ కేంద్రములు కోరినదెల్ల వినిపించుచుండగా దూరమునకు పోవలసిన అగత్యము తీరుటయే దీనికి హేతువు గాని, శ్రోతల రుచి చచ్చుట కాదు. కావున జనగామ, రఘునాథపల్లి ప్రాంతముల అటకలపై ఇంకను మిగిలియుండదగిన పాత లైసెన్సు పుస్తకములను, విదేశముద్రలు గల కార్డులను చెత్తగా త్రోసివేయరాదు. రాజులును మంత్రులును ఏమి పలికించిరో ప్రభుత్వపు దస్త్రములు చెప్పును. వారు ఏమి పలికింపకుండిరో, ఒక పల్లె ఏయే దూరకేంద్రములకు ముల్లు త్రిప్పెనో ఆరా తీసినచో మాత్రమే తెలియును.