రాచపుండుపై కిరణములు: మదరాసు బండి నుండి సూక్ష్మ ఆర్.ఎన్.ఎ. దాక

బెజవాడ నుండి మదరాసు వరకు రైలుమార్గము 1899లో పూర్తి అయినది. తెనాలి, బాపట్ల ఆ దారిలోని ఊళ్లు. 1916లో వేసిన శాఖామార్గము రేపల్లెను గూడ తెనాలితో కలిపినది. ఈ మార్గమున ధాన్యము పోయినది, పొగాకు పోయినది, చదువుకొను పిల్లలు పోయిరి. వైద్యమునకై పోయినవారిని గూర్చి మాత్రము మన స్థానిక చరిత్రలు వ్రాసినది తక్కువ.

1953 వరకు ఈ మూడూళ్లును మదరాసు రాష్ట్రములోనివే. రాచపుండునకు కిరణ చికిత్స చేయు బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో మదరాసు జనరల్ ఆసుపత్రిలో వెలసినది. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో అడయారు కాన్సరు ఇన్స్టిట్యూటు 1954లో ఆరంభమైనది. 1957లో అచటికి కోబాల్టు యంత్రము వచ్చెను. మెహదీ నవాజ్ జంగు పేర పిలువబడు హైదరాబాదు ఆసుపత్రి 1955 నాటిది. గుంటూరు వైద్య కళాశాల 1946లోనే పుట్టినను, అచటి ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో కాన్సరు కేంద్రము తెరచినది 2020లో. రేపల్లె రోగికి మదరాసు ప్రయాణము గుంటూరు ప్రయాణముగా తగ్గుటకు ఇన్ని సంవత్సరములు పట్టినది.

పొగాకు మాట ఎత్తక ఈ చరిత్ర చెప్పుట న్యాయము కాదు. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంటు కంపెనీ 1912లో ఏర్పడినది. 1920 ప్రాంతమున గుంటూరు నల్లరేగళ్లలో వర్జీనియా పొగాకు సాగు మొదలైనది. బ్యారన్లు లేచినవి, చీరాల పేరు పొగాకు వర్తకులకు సుపరిచితమైనది, 1976లో పొగాకు బోర్డు గుంటూరులోనే వెలసినది. పొలమునకు అప్పు తీర్చినది ఈ ఆకే, ఆడపిల్లకు పెండ్లి చేసినది ఈ ఆకే. లండనులో డాల్, హిల్ అను పండితులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల రాచపుండునకును గల సంబంధమును 1950లో అంకెలతో చూపిరి. చుట్టగాని, సిగరెట్టుగాని ఎన్నడు ముట్టనివారికిని ఈ వ్యాధి వచ్చుట కలదు. కావున రోగిని చూడగానే నిందించుట తగదు.

ఇక కిరణముల సంగతి. 1895లో రంట్జెన్ ఎక్స్‌కిరణములను, 1898లో క్యూరీ దంపతులు రేడియమును లోకమునకు తెలిపిరి. కొలదికాలములోనే వైద్యులు వానిని వ్రణములపై ప్రయోగింపసాగిరి. ఆరంభమున ఒక్కమారుగా పెద్ద మోతాదు ఇచ్చుటచే చర్మము కాలిపోవుచుండెను. పారిసులో రెగో అను శాస్త్రజ్ఞుడు పొట్టేళ్లపై పరీక్షలు జరిపి, మోతాదును పలుదినములకు పంచి యిచ్చినచో చర్మము నిలుచుననియు, లక్ష్యము మాత్రము నశించుననియు గ్రహించెను. నేటికిని పద్ధతి అదియే. శస్త్రచికిత్సకు లొంగని ఊపిరితిత్తుల వ్యాధిలో మందులతోబాటు 60 గ్రేలు, 30 భాగములుగా, వారమునకు అయిదు దినముల చొప్పున ఆరు వారములు ఇచ్చుట వాడుక. రేపల్లె నుండి పోవు కూలీమనిషికి ముప్పది భాగములనగా ముప్పది దినముల కూలి. తోడు పోవువానిది వేరు లెక్క.

ఇంతజేసినను ఫలితము ఒక్కతీరుగా ఉండదు. వయస్సొకటే, వ్రణము పరిమాణమొకటే, మోతాదొకటే. ఒకనికి కరగును, ఇంకొకనికి కొన్ని నెలలకే తిరిగి మొలచును. ఎందువలన? మొదటి గట్టి సమాధానము 1953లో వచ్చినది. గ్రే అను ఆంగ్లేయుడు (మోతాదు కొలతకు ఆయన పేరే పెట్టిరి) తన సహచరులతో కూడి, ప్రాణవాయువు చాలని కణములు కిరణములకు సులభముగా చావవని వివరించెను. వ్రణము పెరిగినకొలది నడుమనున్న కణములకు నెత్తురు అందదు. అచట అవి కిరణములను తట్టుకొని దాగియుండును.

రెండవ సమాధానము ఎవరును ఊహింపని చోటునుండి వచ్చినది. మన్నులో బ్రదుకు ఒక మిల్లీమీటరు పొడవు పురుగుపై పనిచేయుచు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో లిన్-4 అను అతి చిన్న ఆర్.ఎన్.ఎ. తునకను, అది పనిచేయు తీరును వెల్లడించిరి. దాని పొడవు ఇరువదిరెండు అక్షరములు. అది పురుగునకు మాత్రమే చెందిన వింత అని లోకము ఏడేండ్లు పెడచెవిని బెట్టినది. 2000లో లెట్-7 అను మరియొక తునక బయటపడి, అది ఈగలోను, మనుష్యునిలోను గూడ ఉన్నదని తేలుటతో అందరును మేలుకొనిరి. ఆ ఇరువురకు 2024లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ తునకల పని మన డెల్టావాసులకు తెలియజెప్పుట కష్టము కాదు. ఆనకట్ట నుండి నీరు కొమ్మమూరు కాలువకు వచ్చినంతమాత్రాన పొలము తడియదు. లస్కరు తూము తలుపు ఎంత ఎత్తునో, ఎంత దించునో దానినిబట్టి చేనికి నీరు. కణములో జన్యువు ఆజ్ఞ వ్రాసి పంపును. ఆ ఆజ్ఞపై ఈ తునక అంటుకొని, తయారగు మాంసకృత్తును తగ్గించును. ఒక్క లస్కరు పెక్కు తూములు చూచినట్లు, ఒక్క తునక పెక్కు ఆజ్ఞలను అదుపుచేయును.

జపానులో 143 మంది ఊపిరితిత్తుల రోగుల శస్త్రచికిత్స నమూనాలను పరిశీలింపగా, లెట్-7 తగ్గినవారు తక్కువకాలము జీవించినట్లు 2004లో తెలిసినది. కణము విచ్చలవిడిగా పెరుగుటకు తోడ్పడు రాస్ అను మాంసకృత్తును లెట్-7 అణచునని 2005లో చూపిరి. 2007లో యేల్ విశ్వవిద్యాలయమువారు ఊపిరితిత్తుల వ్రణకణములలో లెట్-7ను పెంచి కిరణములు ప్రసరింపజేయగా అవి ఎక్కువగా చచ్చెను; తగ్గించినచో మొండికెత్తెను. ఆ చిన్న పురుగులోను ఫలితము అట్లే వచ్చెను.

కిరణము చేయు పని కణములోని డి.ఎన్.ఎ. త్రాటిని త్రెంచుట. కణము దానిని అతుకుకొనగలిగినచో బ్రదుకును. మిర్-101 అనునది అతుకుపనికి వలయు రెండు మాంసకృత్తులను తగ్గించి వ్రణమును కిరణమునకు లోబరచునని 2010లో తేలినది. మిర్-210 దీనికి విరుద్ధము: ప్రాణవాయువు కొరవడినపుడు హెచ్చునది. ఊపిరితిత్తుల కణములలో అది పెరిగినచో కిరణములు పారవని 2013లో ప్రకటించిరి. గ్రే అరువది యేండ్ల క్రిందట చూపిన గుట్టునకు ఇచట ఒక తాళపుచెవి దొరికినది. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఇదియే.

అయినను కణములలో తేలినది రోగికి వెంటనే అందదు. మిర్-34ను పోలిన మందును అమెరికాలో రోగులకు ఇచ్చి చూచిరి. దేహరక్షణ వ్యవస్థ తీవ్రముగా తిరుగబడుటచే 2016లో ఆ పరీక్ష ఆపవలసివచ్చెను. నెత్తుటిచుక్కలో ఈ తునకలను కొలిచి, కిరణము ఎవరికి పనిచేయునో ముందే చెప్పవలెనను ప్రయత్నములు సాగుచున్నవి. ఒక పరిశోధనశాల లెక్క మరియొకదానితో సరిపడుట లేదు. నమూనా తీసిన తీరు, నిలువచేసిన తీరు మారినను అంకె మారును. కనుక ఈ పరీక్ష నేడు వాడుక వైద్యములో చేరలేదు. సొమ్ము తీసికొని దీనినే చేసిపెట్టెదమని ఎవరైన అన్నచో, చికిత్స చేయు వైద్యుని ముందుగా అడుగుట మంచిది. వైద్యుడు నేడు మోతాదు నిర్ణయించునది వ్రణము పరిమాణము, వ్యాపించిన మేర, రోగి శ్వాసబలము, గుండెకును వెన్నుపామునకును గల దూరము చూచియే.