రీప్యాక్ బాట
కాలిఫోర్నియాలోని మరీన్ కౌంటీయందు, ఫెయిర్‌ఫాక్స్ పట్టణ సమీపమున, సుమారు రెండు మైళ్లలోనే 1,300 అడుగులు దిగు కొండబాట యొకటి కలదు. 1976 అక్టోబరు 21వ తేదీని కొందఱు సాహసికులు పాతకాలపు బరువు సైకిళ్లపై అచ్చట తొలి పందెము నడపిరి. పెడలును వెనుకకు త్రొక్కిన పట్టెడు ఆ సైకిళ్ల బ్రేకు నిరంతర ఘర్షణచే కాగి, చక్రనాభిలోని గ్రీజు పొగయై పోవగా, ఒక్క అవరోహణమునకే దానిని విప్పి మరల గ్రీజు కూర్పవలసి వచ్చెడిది. ఆ మరమ్మతుపనియే ‘రీప్యాక్’ అను పేరై బాటకు స్థిరపడెను. ప్రభువుల పేరిట వెలసిన మార్గములకంటె ఇట్టి జిడ్డుచేతుల నామకరణమే నాకు రుచించును. పిమ్మట ఇట్టి కొండసైకిలు స్వారీ వ్యాపించి, అడవిబాటలలో సైకిళ్లను నిషేధించు యత్నములు ప్రబలగా, కాలిఫోర్నియా సైకిలు సంఘములు కొన్ని యేకమై, 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘమును స్థాపించి, బాటల నిర్మాణ రక్షణములను తమ కర్తవ్యముగా స్వీకరించినవి.