మాటల మాటున మద్యము

చెడ్డ వస్తువునకు మంచి పేరు పెట్టినచో అది తలుపు తట్టకయే ఇంట జొరబడును. మన దేశమున మద్యమునకు వాడుకలోనున్న పేర్ల చరిత్రను విచారించినచో ఈ సంగతి తేటతెల్లమగును. తెలుగు, ఉర్దూ, పారసీ, అరబ్బీ పలుకులు నాలుగు వందల యేండ్లుగా కలసి మెలసియున్న హైదరాబాదు పాతబస్తీ ఈ విచారణకు మిక్కిలి తగిన చోటు.

షరాబు అను మాటకు అరబ్బీలో మొదటి యర్థము త్రాగునది యని మాత్రమే. చార్మినారు వీథులలో బాటసారుల దప్పి తీర్చు షర్బతును, సంసారములను కూల్చు షరాబును ఒక్క ధాతువునుండి పుట్టిన తోబుట్టువులు. అరఖు అనగా చెమట. బట్టీలో కాగిన ద్రవము ఆవిరియై, చల్లని పాత్రకు తగిలి, చెమట బిందువులవలె జారుటచే ఆ పేరు కలిగెను. యూనానీ హకీములిచ్చు గులాబీ అరఖులో మత్తు లేదు; ఆ మాటయే ఇంగ్లీషువారి నోట మాఱి సారాయికి పేరయ్యెను. ఇక ఆల్కహాలునకు మూలమైన అల్‌కుహ్ల్ అనునది కన్నులకు పెట్టుకొను సుర్మా! మెత్తని పొడిని తెలుపు నా మాట శుద్ధిచేసిన సారమునకు చెల్లి, తుదకు యూరపుఖండమున మద్యసారమునకు స్థిరపడెను.

పూర్వులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. కౌటిల్యుని అర్థశాస్త్రము మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని మద్యములను వేఱువేఱుగా చెప్పి, దేనిని దేనితో చేయుదురో వివరించినది. అందు ద్రాక్షరసముతో చేసినదియే మధువు. నేడు వైను అనునదియు సరిగా నిదియే.

ఈ వ్యత్యాసములు గృహస్థులకు తెలియవలసినవి. సున్నము పూసిన లొట్టిలో పట్టి, తెల్లవాఱుజామున దించిన తియ్యని రసము నీరా. అందలి చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి మద్యసారముగాను, బొగ్గుపులుసు గాలిగాను మార్చినచో అది కల్లగును, ద్రాక్షరసము వైనగును. ఇవి పులిసినవి. మద్యసారము 78 డిగ్రీలకే మరుగును, నీటికి 100 డిగ్రీలు కావలెను. ఈ భేదమును పట్టుకొని పులిసినదానిని కాచి తీసినది సారా. కల్లులో మద్యసారము నూటికి సుమారు 5 పాళ్లు, వైనులో సుమారు 12, మన దేశపు విస్కీలో 42.8.

పేరు కప్పిన దానిని పన్ను మఱింత కప్పినది. 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమును చూచిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియరు, తోలుతిత్తులలో కల్లు మోయు గుఱ్ఱములు దినమునకు ఐదాఱు వందలు నగరము చొచ్చుచుండెననియు, ఆ పన్నువలన రాజునకు విశేషాదాయము కలదనియు వ్రాసెను. నిజాముల కాలమున ఈ యాదాయమునకు ఆబ్కారీ యని పేరు. పారసీలో దానికి నీటి పని యని యర్థము! నేటి తెలంగాణములో మద్యనిషేధమును, ఆబ్కారీయు ఒక్క శాఖ పేరునందే ఇమిడియున్నవి. మాన్పవలసిన చేయియు, పన్ను పుచ్చుకొను చేయియు ఒక్కటియే.

ఇప్పుడు మన వీథులలో ‘వైన్స్’ అను పలకలు వ్రేలాడుచున్నవి. లోపల అమ్ముడుపోవునది మిక్కిలిగా విస్కీ, బ్రాంది, బీరు, ద్రాక్షమధువు అరుదు. కొన్ని దుకాణముల కల్లులో చెట్టు రసమునకు బదులు క్లోరల్ హైడ్రేటు, అల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలిసి ప్రాణములు తీయుచున్నవి. పేరు పాతదే, వస్తువు పాతది కాదు.

మాటలను ఆరయుట పండితుల వినోదము మాత్రమే కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు పాఠములోని కథలో తమ యింటి గోడునే చదువుకొని, 1992లో సారా దుకాణముపై తిరుగబడిరి. ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1న సారా నిషేధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయినను, ఆ స్త్రీల విజయము వ్యర్థము కాలేదు. వారికి పారసీ రాదు, అరబ్బీ రాదు. కాని దాచిన వస్తువును దాని పేరుతో పిలుచుట వచ్చును. ఏ సీసా ఇంటికి వచ్చినను ఇది దేనితో చేసినది, పులిసినదా కాచినదా, నూటికెన్ని పాళ్లు మద్యసారము అని యడుగుట చదువుకొన్న మనకును రావలెను.