కొండపల్లి బొమ్మ, కంప్యూటర్, మన పిల్లలు



విజయవాడ పక్కనున్న కొండపల్లిలో బొమ్మలు చేసేది ఆర్యక్షత్రియులు. సుమారు 400 ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చామని చెప్పుకుంటారు. వాళ్లు మన గిరిజనులు కాకపోయినా వాళ్ల పనిలో మనకు పనికొచ్చే చరిత్ర ఉంది.

తెల్ల పొణికి చెక్కను సెగ మీద ఆరబెట్టి, తల, చేతులు, ఒళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కొలతలు కంటిలో, చేతిలో ఉంటాయి. ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య ఇది.

బడిలో చెప్పే కళ వేరే దారిలో వచ్చింది. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. తర్వాత బెంగాల్ నుంచి ప్రమోదకుమార్ చటర్జీ వచ్చి అక్కడ చిత్రలేఖనం నేర్పారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ, 2015లో ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిదే ఇంకొకటి మొదలయ్యాయి. కంప్యూటర్ ముందు ఇలాంటి పెద్ద చదువుల్లోకి వచ్చింది. చేతిపని తెలిసినవాళ్లు బయటే ఉండిపోయారు.

చిక్కు అక్కడే మొదలైంది. తెర మీద అంబారీ ఏనుగును ఎటైనా తిప్పి చూడొచ్చు. కానీ చెక్క ఎటు చీలుతుందో, మక్కు ఎక్కడ పట్టు ఇస్తుందో తెర చెప్పదు. అది తెలియనివాడు గీసిన డిజైన్ చూడ్డానికి బాగుంటుంది, చెక్కబోతే విరుగుతుంది. అది తెలిసిన పిల్లాడికేమో డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలు ఎక్కువగా ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. మంచి కంప్యూటర్ కొనే స్తోమత ఉండదు. రెండూ తెలిసిన మాస్టారు దొరకడం ఇంకా కష్టం.

మరి దారే లేదా? ఆదిలాబాద్ గుంజాల చూడండి. అక్కడి గోండు పెద్దల దగ్గర సొంత లిపిలో రాసిన పాత ప్రతులున్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి లాంటివాళ్లు ఆ ప్రతులను వెలుగులోకి తెచ్చారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. లిపి చదవగలిగిన పెద్దలు లేకపోతే ఏ అక్షరం ఏదో కంప్యూటర్‌కు చెప్పేవాళ్లే ఉండేవారు కాదు.

సవర బొమ్మలైనా, లంబాడీ అద్దాల కుట్టుపనైనా అంతే. మనం కంప్యూటర్ నేర్చుకోకపోతే మన గీతల్ని వేరేవాళ్లు గీసి అమ్ముకుంటారు. కంప్యూటర్ ఒక్కటే నేర్చుకుంటే గీయడానికి మన దగ్గర ఏమీ మిగలదు. అందుకే ఆశ్రమ పాఠశాలల్లో కంప్యూటర్ గది అడిగేటప్పుడు, ఊరి పనివాళ్లను గౌరవ వేతనంతో పిలిచి పాఠం చెప్పించమని కూడా అడుగుదాం.

మీ తండాలో, గూడెంలో ఏ పని ఇంకా బతికుందో, అది ఎవరి చేతుల్లో ఉందో కింద రాయండి.