తోటివారి తీర్పు

నలుగురు విద్యార్థులు కలసి యొక పని చేసినప్పుడు ఉపాధ్యాయుడు చూచునది ముగిసిన పనిని మాత్రమే. ఎవరు రాత్రి మేలుకొని వ్రాసిరో, ఎవరు కడపట పేరు మాత్రము చేర్చుకొనిరో తోటివారికే తెలియును. అందుచేత నొకరి శ్రమను మఱియొకరు మదింపవలెనను పద్ధతి యిప్పుడు బడులలో ప్రవేశించుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రగతిపత్రములో సహాధ్యాయుల మదింపునకును చోటు కల్పించినది. దీనిని పరదేశపు వింతయని తలంచువారు కలరు. మన వీధిబడుల చరిత్ర నెఱిగినవారి కిది వింత గాదు.

మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో రాజధానియందలి బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లను కోరెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో నప్పుడు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. వానిలో హెచ్చుభాగము తెలుగు, కన్నడ బడులే. బాలురను సాధారణముగా నాలుగు తరగతులుగా విభజించి, క్రింది తరగతులను పెద్ద విద్యార్థుల కప్పగించెడివారు. పిన్నలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండగా పెద్దవాడు తప్పొప్పులు చూచెడివాడు. నేర్పుటచేత వాని చదువును గట్టిపడుచుండెను. ఈ పద్ధతి ఇంగ్లండులో అనుకరింపబడుట తగియేయున్నదని క్యాంబెల్ మెచ్చుకొనెను.

అనుకరణ మెట్లు జరిగెనన, 1789లో మద్రాసునందు సైనికుల అనాథబాలుర బడికి అధికారియైన ఆండ్రూ బెల్, దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుట చూచి, తన బడిలో దాని నెలకొల్ప గోరెను. క్రింది యుపాధ్యాయు లొప్పుకొనలేదు. అంతట నెనిమిదేండ్ల ఫ్రిస్కెన్ అను బాలునకే యొక తరగతి నప్పగించెను. అది సాగెను. పిమ్మట బెల్ ప్రతి తరగతిలోను బాలురను జతపఱచి, తెలిసినవానిని తెలియనివానికి బాధ్యుని జేసెను. తప్పుచేసిన వారి విషయమున తోటి బాలుర పంచాయతీయే తీర్పు చెప్పుచుండెను. ఈ యనుభవమును ఆయన 1797లో లండనులో ప్రకటించెను.

మఱుసటి యేట జోసెఫ్ లాంకాస్టర్ లండనులో బడి పెట్టి, ఇట్టి పద్ధతినే వందలకొలది బాలురకు వర్తింపజేసెను. అచట పెద్ద విద్యార్థి తోడు నేర్పువాడుగాక కాపలాదారుడయ్యెను. బహుమతి చీట్లు, కాళ్లకు దుంగలు, బుట్టలో గూర్చుండబెట్టి పైకి వ్రేలాడదీయుట మొదలగునవి వచ్చినవి. లెక్కకు చవుకయే గాని చదువు యంత్రప్రాయమయ్యెను. 1846 నుండి ఆంగ్లప్రభుత్వము పెద్ద విద్యార్థులకు జీతమిచ్చి, శిక్షణమిచ్చి, ఉపాధ్యాయులుగా తీర్చు పద్ధతిని చేపట్టగా పాతది క్షీణించెను.

మన వీధిబడి మాత్రము నిర్దోషమా? కాదు. మొదట వచ్చినవాని యరచేత సరస్వతి పేరు, రెండవవాని చేత సున్న, మూడవవానికొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవారికి క్రమముగా హెచ్చు దెబ్బలని ఆ నివేదికయే చెప్పుచున్నది. అర్థము తెలియక వల్లించు చదువునుగూర్చియు క్యాంబెల్ చింతించెను. వీనికంటె పెద్దలోపము వేఱొకటి కలదు. 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. బడిలో కూర్చుండని వారికి తోటివా రెక్కడ? తీర్పెక్కడ?

ఈ చరిత్రమునుండి నేర్వదగినది స్పష్టము. సహాధ్యాయుని తీర్పు సాయముతో ముడిపడియున్నంతకాలము విద్యను పెంచెను. శిక్షతో ముడిపడిన దినమున భయమును పెంచెను. కె.కోటపాడు వంటి యూళ్లలో తరగతి యనగా ఊరే. చుట్టరికము, కులము, పొలముగట్టు తగవు బెంచీలమీద గూడ కూర్చుండును. అట్టిచోట పిల్లలచేత గుప్తముగా మార్కులు వేయించిన, ఇంటి పగలు మార్కులగును. అందఱికంటె నెక్కువ వ్రాసి, అందఱికంటె తక్కువ మాటలాడు బాలికకు మిగులునది మౌనమే.

కావున మార్కులు ఉపాధ్యాయుని చేతనే యుండనిండు; సాక్ష్యము పిల్లలది కానిండు. ఎవరు మంచివారని గాక, ఎవరేమి చేసిరని అడుగవలెను. పని ముగిసిన పిమ్మట గాక నడుమనే యడిగిన, వెనుకబడినవానికి దిద్దుకొను వ్యవధి యుండును. తోటివాని శ్రమను సత్యముగా చెప్ప నేర్చిన పిల్లలు పెద్దవారై పంచాయతీలలో కూర్చుందురు, కూలి లెక్కలు కట్టుదురు, ఇంటి ఆడువారి చాకిరిని చూతురు. ఆ చూపు చిన్ననాడు బడిలో అలవడనిచో మఱియెక్కడ అలవడును?